బండిని ముంచిన నీలమ్మత్త

నిన్నటి వానకి మా హోటలు ముందరి బల్ల నానిపోయింది. పొద్దున్నే దాన్ని తుడుద్దామని గుడ్డ పట్టుకుని వంగేసరికి ఆ వాసన ముక్కుకి తగిలింది. తడిసిన సాల్ చెక్క వాసన, దానిలోంచి ఎన్నో ఏళ్లనాటి పప్పు, ఇంగువ, ఆవనూనె వాసన. సబ్బు పెట్టి ఎన్నిసార్లు తోమినా పోదు. ఎండాకాలమంతా ఎక్కడ దాక్కుంటుందో గానీ, నాలుగు చినుకులు పడగానే బయటికి వచ్చేస్తుంది. ఈ బల్ల తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేద్దామని మా కోడలు ఏడాదిగా పోరుతోంది. "నేను పోయాక తీసెయ్యి, అప్పటిదాకా దాని జోలికి రాకు" అని కసిరాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు? ఇది బల్లగా పుట్టలేదు. ఒకప్పుడు తోపుడు బండికి పైచెక్క. మధ్యలో ఒక పూట రోగిష్టి మంచం కూడా అయింది. ఆ పూట దాని మీద పడుకుని మూలిగిన మనిషి నీలమ్మత్త. ఈ రోజు నేను నలుగురికి అన్నం పెట్టి బతుకుతున్నానంటే ఆవిడ చలవే, ఆవిడ తిట్ల చలవే.

డెబ్బైల మొదట్లో పలాస పక్క మా ఊరినుంచి పెళ్లి చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చాను. బర్మామైన్స్ అనే పేటలో రైలు యార్డుకి దగ్గరగా ఇరుకు సందు, సందులో ఒక గది. మా ఆయన అప్పారావు ఒక కాంట్రాక్టరు కింద ఇనుము ఎత్తే పనికి వెళ్లేవాడు. నా కాపురం ఇంకా కుదురుకోకముందే కడ్డీల కింద పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. రెండ్రోజుల్లో వచ్చి చూస్తానన్న కాంట్రాక్టరు మళ్లీ మొహం చూపించలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు, నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. పొయ్యిలో నిప్పు ఉంటే కదా, కనీసం పొగవల్ల కళ్లు మండుతున్నాయని చెప్పుకోవడానికి!

ఎదురింట్లో నీలమ్మత్త ఉండేది. నాకేమీ అత్త కాదు; సందులో మా పక్కవాళ్లందరికీ ఆవిడ అత్తే. అరవై దాటి ఉంటుంది. సన్నగా, నల్లగా, ఎండిన తాడులా ఉండేది. యార్డు గేటు దగ్గర తోపుడు బండి పెట్టుకుని కూలీలకు అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు అమ్మేది. ఆ బండిని మా సందులో కూడా అందరూ ఠేలా అనేవారు. ఆవిడొక్కతే "బండి" అనేది. ఒక రోజు మా గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏడుపు అయిపోనాదేటే?"

నేను కంగారుగా కళ్లు తుడుచుకున్నాను.

"అయిపోతే లెగు. నా మోకాళ్లు బండిని తొయ్యలేకపోతన్నాయి. నువ్వు తొయ్యి, నాను వడ్డిత్తాను. సగం నీది."

అంతే. ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు. ఆ మధ్యాహ్నం నేను బండి తోస్తుంటే గోతుల్లో చక్రం పడిన ప్రతిసారీ, "నీ మొహం, పప్పు ఒలికిపోతన్నాది" అని తిట్టింది. ఇంటికొచ్చాక మా ఇద్దరికీ ఆకుల్లో అన్నం పెట్టింది. మా ఆయన ఎడమచేత్తో కలుపుకోలేక అవస్థపడుతుంటే, చూడనట్టు అటు తిరిగి కూర్చుంది. అలా తిరిగి కూర్చోవడం ఆవిడ పద్ధతి. బండి కింద ఎప్పుడూ ఒక కుండలో గంజి ఉండేది. అందులో ఉప్పు వేసి, మూత పెట్టి, పక్కన ముంత ఉంచేది. చేతిలో ఏమీ లేనివాడు ఎవడైనా వచ్చి ముంచుకుని తాగి వెళ్లొచ్చు. వాడు తాగుతున్నంతసేపూ నీలమ్మత్త బండికి అవతలివైపు ఏదో సర్దుతున్నట్టు నటించేది. నేను ఒకసారి అలాంటి మనిషివైపు తేరిపార చూస్తే నా తొడ మీద గిల్లింది. "తాగేవోడి మొహం సూడకూడదే. గొంతు దిగదు ఆడికి" అంది. ఆ గిల్లిన చోట చాలారోజులు మంట పుట్టింది.

బండి విషయంలో మాత్రం ఆవిడది పిచ్చి అనుకునేదాన్ని. ఆ చెక్కముక్కలంటే అంత మమకారమా! ఎవరికీ అరువిచ్చేది కాదు. పక్కపేట పర్సుడీహ్‌లో తెలిసినవాళ్ల పెళ్లికి సామాను వేసుకెళ్లడానికి ఒక పూట ఇమ్మని అడిగితే, "కావాలంటే నా నగలు ఒట్టుకెల్లండి, బండి ఇవ్వను" అంది. ఆవిడకి నగలెక్కడివి? మెడలో నల్లపూస కూడా లేదు. అడిగినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అంతకంటే వింత విశ్వకర్మ పూజ రోజు జరిగింది. ఆ రోజు ఈ ఊరి సంగతి చెప్పాలా? పెద్ద పెద్ద యంత్రాల నుంచి సైకిలు పంపుదాకా బొట్టు పెట్టని వస్తువు ఉండదు. సందులో ప్రతి ఠేలాకీ బంతిపూలు, రంగు కాగితాలు. నేనూ ముచ్చటపడి, పొద్దున్నే మా బండి కడిగి పైచెక్కకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. నీలమ్మత్త బయటికి వచ్చి చూసింది. చెంబుడు నీళ్లు తెచ్చి చెక్క మీద గుమ్మరించి, కొంగుతో ఆ పసుపంతా రుద్ది రుద్ది తుడిచేసింది.

"పండగపూట ఇదేంటత్తా! అశుభం కాదా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నా బండికి పసుపు రాయకు. మల్లీ రాత్తే ఊరుకోను" అంది.

ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు నేను. ఆవిడ కూడా బతిమాలలేదు. సాయంత్రం నాకిష్టమని బెల్లం వేసి వండిన పరమాన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. కోపం తగ్గిపోయింది కానీ ఎందుకలా చేసిందో అర్థం కాలేదు.

ఇంకొక సంగతి. ఒకసారి పక్కింటి రేడియోలో ఎక్కడో కరువు వచ్చిందని వార్త చెబుతున్నారు. మేము గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాం. యుద్ధం రోజుల్లో బెంగాలు వైపు గొప్ప కరువు వచ్చిందనీ, నీలమ్మత్త ఆ కరువులోనే ఈ ఊరు వచ్చిపడిందనీ సందులో అందరికీ తెలుసు. ఏదో మాట కలపాలని, "మీ కాలంలో కూడా ఇలాగే వానలు పడలేదా అత్తా?" అన్నాను.

చేట మీద ఆవిడ చేతులు ఆగిపోయాయి. "వానల్లేవని ఎవులు సెప్పినారే నీకు?"

"కరువంటే మరి వానల్లేకపోవడమే కదా."

"నువ్వు తడిసినావేటి ఆ వానలో? నాను తడిసినాను" అంది. మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

ఎమర్జెన్సీ రోజులొచ్చాయి. ఒక పొద్దున సందు మొగలో జీపు ఆగింది. ఏ ఆఫీసు వాళ్లో మాకు అనవసరం; జీపంటే జీపే. కళ్లద్దాల కుర్ర ఆఫీసుబాబు ఒకడు మైకు పట్టుకుని హిందీలో చెప్పాడు. ఎవరో పెద్దలు వస్తున్నారట, రోడ్లు శుభ్రంగా కనబడాలట. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఠేలాలన్నీ తెచ్చి ఆఫీసు ఆవరణలో అప్పగించాలి. "దో-చార్ దిన్ కీ బాత్ హై. సబ్ కో వాపస్ మిలేగా" అని రెండుసార్లు అన్నాడు. రెండు మూడు రోజుల ముచ్చటే కదా, తిరిగి ఇచ్చేస్తారు కదా అని సందులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా పక్కన శనగలు, అటుకులు అమ్మే గోపాల్ ఉండేవాడు, ఛప్రా వైపు మనిషి, నోట్లో నాలుక లేనివాడు. "అడుగుతున్నారు కదా భాభీ, ఇచ్చేస్తే పోలా" అని హిందీలో అంటూ అప్పుడే తన ఠేలా తోసుకుని బయల్దేరాడు. ముందిచ్చినవాడికి ముందు తిరిగిస్తారని ఆశ పాపం.

మా ఆయన కూడా ఇచ్చేద్దామనే అన్నాడు. "సర్కారోల్లతో మనకెందుకే? ఇచ్చెత్తారులే." నాకూ అదే నయమనిపించింది. అయినా ఆ బండి రెండు రోజులు ఆగితే మూడో రోజు మా పొయ్యి వెలగదు. ఆయన చేతికి పని లేదు, కడుపులో నాకు మూడో నెల. మా అమ్మకి ఒక అలవాటు ఉండేది. ఇల్లు వదిలి వెళ్లే మనిషికైనా, ఆవుకైనా, అరువిచ్చిన నాగలికైనా బొట్టు పెట్టి పంపేది, క్షేమంగా తిరిగి రావాలని. నేనూ అదే చేశాను. బండి కడిగి, పసుపు గిన్నె తెచ్చి, నీలమ్మత్త మాట మరిచిపోయి, చెక్క మీద నాలుగు వేళ్లూ ఆనించాను.

గిన్నె ఎగిరి సందు మధ్యలో పడింది. నీలమ్మత్త చెయ్యి విసురుకి నా గాజు ఒకటి పగిలింది.

"మల్లీనా? మల్లీ పసుపెట్టి పంపుతావా?" అని అరిచింది. మళ్లీ ఏమిటి, నేనెప్పుడు ఏం పంపాను? అలా అరిచిన మనిషి బండి చక్రానికి చేరగిలబడి కూలబడిపోయింది. నేను భయపడి నీళ్లు తెచ్చాను. తాగలేదు. కాసేపటికి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. పట్టపగలు, సందులో మనుషులు అటూ ఇటూ తిరుగుతుండగా, ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది.

నీలమ్మత్తది ఇచ్ఛాపురం పక్క సముద్రపు ఊరు. మామగారి కాలంలోనే వాళ్లు బెంగాలులోని మేదినీపూర్ తీరానికి, ధాన్యం పడవల పనికి తరలిపోయారు. అక్కడ ఎటు చూసినా కాలువలే. ఇల్లు ఒక ఒడ్డున, పొలాలు ఇంకో ఒడ్డున, సంత మరో ఒడ్డున. భర్త పేరు రామన్న. వాళ్లకి ఒక పడవ, ఒక కూతురు. పడవ ఉంటే ఆ ఊళ్లో ఎవరూ పస్తు ఉండరు. యుద్ధం వచ్చింది. జపాను వాడు బర్మా దాకా వచ్చేశాడని తెల్లదొరల సర్కారుకి భయం పట్టుకుంది. ఒడ్డున దిగితే వాడికి ఏదీ దొరక్కూడదని, పదిమంది పట్టే పడవ ఏదైనా సరే అప్పగించెయ్యమన్నారు. ఆ తీరంలో ఉన్న బియ్యం, వడ్లు కొనేసి వేరేచోట్లకి తరలించారు.

"జపానోడికి పడవ దొరక్కూడదట, గింజ దొరక్కూడదట. ఆడు రానే లేదు. మాకే దొరక్కుండా పోనాది" అంది నీలమ్మత్త.

రామన్న పడవ ఇవ్వనన్నాడట. ముంచేద్దామన్నాడట. పడవల వాళ్లకి అది అలవాటే. పని లేని రోజుల్లో ఎండకి చెక్క పగలకుండా పడవను కాలువలో ముంచి, బురద మీద దింపి ఉంచుతారు. పైన నీళ్లు, నాచు తప్ప ఏమీ కనబడదు. కావలసినప్పుడు నీళ్లు తోడితే తేలుతుంది.

"నానే ఒద్దన్నాను. బంగారంనాటి పడవని సేతులారా ముంచుతావేటయ్యా, తిరిగిత్తామన్నారు కదా అన్నాను. వచ్చినోడు కూడా మంచోడే. మా అరుగు మీద కూకుని మజ్జిగ తాగినాడు. యుద్దం అవగానే మీ పడవ మీకే అన్నాడు. నానే కడిగినాను. పసుపు రాసి, బొట్టెట్టి, టెంకాయ కొట్టి పంపినాను, మల్లీ రావాలని. పొద్దోయేలోపు దూరంగా పొగ కనిపించినాది. అన్నీ ఒక్కచోట ఏసి నరికి, తగలెట్టీసినారు."

"మరి డబ్బులివ్వలేదా?" అన్నాను.

"ఇచ్చినారు. బియ్యం రేటు రోజుకోలాగ పెరిగిపోతంటే ఆ కాయితాలు ఏటి సేసుకుంటాం? వాన పడినాది. తుపానూ వచ్చినాది, నిజమే. తుపాను మాకు కొత్తేటే? ముందు కూడా వచ్చినాది. అప్పుడు పడవుండేది. ఈ ఒడ్డున లేకపోతే ఆ ఒడ్డుకెల్లి గింజలు తెచ్చుకునేవోళ్లం, సేపలన్నా ఒట్టుకునేవోళ్లం. ఈసారి ఒడ్డునే కూకుండిపోనాం. నా గుంట ముందు బువ్వ అడిగినాది. తరవాత గెంజి అడిగినాది. తరవాత ఏటీ అడగడం మానీసినాది."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. కూతుర్ని ఆ ఒడ్డునే మట్టి చేసి, మొగుడూ పెళ్లాలు రైలుకట్ట పట్టుకుని ఖరగ్‌పూర్ వైపు నడిచారు. దారిలో రామన్న కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. ఆవిడ ఎవరో ఎక్కించిన గూడ్సు బండిలో ఇక్కడికి వచ్చి, ఈ యార్డులోనే వ్యాగన్ల కింద రాలిన గింజలు ఏరుకుని బతికింది. అన్నేళ్లుగా ఆవిడ వండిన అన్నం తింటున్నాను, ఒక్కరోజు కూడా నాకు ఈ సంగతి తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. కరువంటే దేవుడు చేసేదనుకున్నాను నేను. మనుషులు బల్ల దగ్గర కూర్చుని, మంచికే చేస్తున్నామనుకుంటూ ఇంత పని చెయ్యగలరని తెలిసి ఒళ్లు మండిపోయింది.

"మీ ఊళ్లో ఎవరూ ముంచలేదా అత్తా?"

"ఒక్క ఇంటోల్లు ముంచినారు. ఆళ్లు బతికినారు."

ఈ ఒక్కమాటే ఆవిడ నా మొహం చూడకుండా చెప్పింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో, "లెగు. బండిని ముంచీద్దాం" అంది.

"ఎక్కడ ముంచుతాం అత్తా? సువర్ణరేఖ నదిలోనా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది. అక్కడికి తోసుకెల్లేలోపు ఆళ్లే ఎదురొచ్చి ఒట్టుకెల్తారు. ఇంట్లోనే ముంచాలి."

మా ఆయన అడ్డుపడ్డాడు. "జైల్లో ఏసెత్తారు అత్తా, టైము బాగులేదు" అన్నాడు. ఆవిడ ఆయనవైపు చాలా నెమ్మదిగా చూసింది. "నీ సెయ్యి నలిగినప్పుడు కాంట్రాక్టరు ఏటన్నాడురా అప్పారావూ? రెండ్రోజుల్లో వత్తానన్నాడు కదా. వచ్చినాడేటి?" ఆయన లోపలికి వెళ్లి పానా తెచ్చాడు. ఎడమచేత్తోనే ఒక్కొక్క నట్టూ విప్పాడు. దెబ్బ తగిలాక ఆయన పనిముట్టు పట్టుకోవడం అదే మొదటిసారి. బండిని ముక్కలు ముక్కలుగా మా ఇంట్లోకి చేర్చాం. రెండు చక్రాలు కప్పు మీద ఆనపతీగ కింద పెట్టాం. ఇంకో రెండు నీళ్ల డ్రమ్ముల మీద మూతల్లా వేసి, వాటి మీద బిందెలు పెట్టాం. ఇరుసులు దండేలయ్యాయి, వాటి మీద నా చీరలు ఆరేశాం. చట్రం గోడకి ఆనించి బొంతలు సర్దాం. పైచెక్కను ఇటుకల మీద పెట్టేసరికి అచ్చం మంచమైపోయింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మర్నాడు జీపు వచ్చింది. కుర్రబాబు, అతని వెంట ఇద్దరు జవాన్లు ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నారు. నీలమ్మత్త బొంత కప్పుకుని చెక్క మీద పడుకుంది. ఎంత బొంత కప్పితే ఏం లాభం? చెక్క అంచులు కనబడుతూనే ఉన్నాయి, పప్పు మరకలతో సహా. పైగా గదంతా ఇంగువ వాసన. ఎత్తి చూశారంటే అయిపోయామే! అప్పుడు నాకెలా తట్టిందో తట్టింది. పరుగెత్తి సందు చివరి చెట్టునుంచి వేపమండలు విరిచి తెచ్చి గుమ్మానికి గుచ్చాను. వాకిట్లో పసుపునీళ్లు చల్లాను. బాబు మా గడపలో కాలు పెట్టబోతుంటే చేతులడ్డం పెట్టి, "మత్ ఆయియే సాబ్, మాతా నికలీ హై" అన్నాను. అమ్మవారు పోసింది అంటే ఏ దేశంవాడైనా గడప దాటుతాడా? లోపల నీలమ్మత్త, ఎవరి తల్లో పోయినట్టు మూలుగు అందుకుంది. మధ్యమధ్యలో ఆ మూలుగులోనే తెలుగులో, "బిందెలకేసి సూత్తన్నాడే, అడ్డంగా నిలబడు" అని చెబుతోంది నాకు.

బాబు అడుగు వెనక్కి వేశాడు. అతని మొహంలో నిజంగానే జాలి కనిపించింది. "ముసలావిడకి మందేమైనా ఇచ్చారా? ఆసుపత్రికి కబురు పంపిస్తాను" అని హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా! రెండ్రోజులు తిరక్కుండా టీకాల వాళ్లు దిగి, మా సందులో ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరికీ సూదులు పొడిచి వెళ్లారు. భుజాలు వాచి, సందంతా వారం రోజులు నన్నూ నీలమ్మత్తనీ తిట్టుకుంది. నేను నవ్వుతూ ఆ బాబుని వెక్కిరించబోతే నీలమ్మత్త వారించింది. "ఆడు మంచోడే పాపం. మంచోల్లనే పంపుతారే. సెడ్డోడొత్తే మనం ఇత్తామేటి?" అంది.

పెద్దలు వచ్చారో లేదో, వెళ్లారో లేదో మాకెవరికీ తెలియదు. రెండు మూడు రోజులు కాస్తా రెండు మూడు వారాలయ్యాయి. ఠేలాలు తిరిగి రాలేదు. అడగడానికి వెళ్లినవాళ్లని రేపు రమ్మన్నారు, ఆ తర్వాత అసలు లోపలికే రానివ్వలేదు. గోపాల్ రోజూ వెళ్లి ఆ ఆవరణ గోడ మీదుగా తన ఠేలాని చూసి వచ్చేవాడు. ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయట, వానకి నానిపోతున్నాయట. "మేరీ వాలీ సబ్ సే నీచే హై భాభీ" అని, తన ఠేలా అన్నిటికంటే అడుగున ఉందని చెబుతూ గోడకి తల ఆనించుకుని ఏడ్చాడు. మేము బుట్టల్లో అన్నం పెట్టుకుని, నెత్తిన మోసుకెళ్లి అమ్మాం. నాతో పాటు నీలమ్మత్త కూడా ఆ మోకాళ్లతోనే నడిచింది. గోపాల్ బుట్ట కూడా మా పక్కనే పెట్టించింది.

ఎప్పుడు లేపుదాం బండిని అని నేను అడుగుతూనే ఉన్నాను. "ఆగు, ఇంకా నీల్లు లోతుగా ఉన్నాయి" అనేది. జీపు తిరగడం మానేసింది. రోడ్డు మీద ఒకటీ అరా కొత్త ఠేలాలు కనబడ్డాయి. అప్పటికి నా కడుపు ఎత్తుగా కనబడుతోంది, బుట్ట మొయ్యలేకపోతున్నాను. విశ్వకర్మ పూజ రోజు పొద్దున్నే నీలమ్మత్త మా తలుపు తట్టి, "అప్పారావూ, పానా తియ్యరా" అంది.

కప్పు మీంచి చక్రాలు దిగాయి. దండేలు ఇరుసులయ్యాయి. గోపాల్ చట్రం పట్టుకున్నాడు, మా ఆయన నట్లు బిగించాడు. పైచెక్క ఎక్కించేసరికి బండి సందు మధ్యలో నిలబడింది, ఎక్కడికీ వెళ్లనట్టే. నీలమ్మత్త దాని చుట్టూ తిరిగి చూసింది. ఇంట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఆవిడ చేతిలో పసుపు గిన్నె. ఆవిడ చెక్క మొదటినుంచి చివరిదాకా, అంచులు కూడా వదలకుండా, నెమ్మదిగా పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. తర్వాత, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నట్టే మామూలుగా మాట్లాడింది.

"ఏటయ్యా, నువ్వు సెప్పినట్టే ముంచినాను. తేలినాది, సూడు."

అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. మా ఆయన మొహం తిప్పుకున్నాడు. గోపాల్‌కి తెలుగు రాదు, అయినా అతనూ ఏడ్చాడు. ఆ రోజు బండి సగం మాది, సగం గోపాల్ శనగలది. బండి కింద గంజి కుండ మామూలే.

ఎనభైల మొదట్లో ఆవిడ వెళ్లిపోయింది. అప్పటికి మాకు గోడలున్న చిన్న హోటలు ఏర్పడింది, బండి అవసరం తీరింది. జబ్బు ముదిరాక, పైచెక్కను ఇటుకల మీద వేసి దాని మీదే పడుకోబెట్టమని అడిగింది. "ఈసారి నిజంగానే మూలుగుతన్నానే" అని నవ్వింది. "వేపమండలు కట్టమంటావా అత్తా?" అంటే, "కట్టు. యముడూ సర్కారోడే కదా, ఎనక్కెల్తాడేమో" అంది. కట్టాను. ఆయన వెనక్కి వెళ్లలేదు.

మా హోటల్లో ఇప్పటికీ గంజి కుండ ఉంది. గుమ్మానికి పక్కగా, మా గల్లాపెట్టెకి కనబడని చోట. కొత్తగా చేరిన పనివాళ్లకి నేను మొదట నేర్పేది అటు చూడొద్దనే. ఎవరైనా మంచి మాటలు చెప్పి, కొన్నాళ్లకోసం ఏదైనా ఇమ్మంటే నా చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. జనం నన్ను పిసినారి అంటారు. అననీ.

పొద్దున నేను బల్ల తుడుస్తుంటే మా మనవరాలు పాఠాలు చదువుకుంటూ పక్కకి వచ్చింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. ఈ బల్ల ఎవరిదో, ఆవిడ ఈ ఊరు ఎందుకొచ్చిందో చెప్పాను. "కరువు అంటే, సూఖా పడా థా న, నానమ్మా?" అంది. వానలు పడలేదన్నమాట, అంతేనా అని.

"నువ్వు తడిసినావేటి ఆ వానలో?" అన్నాను. నా నోట ఆ మాట ఆవిడ గొంతుతోనే వచ్చింది.

పిల్ల గడుసుది. "ఆప్ భీ తో నహీఁ భీగీ" అని నవ్వింది. నువ్వు కూడా తడవలేదు కదా అని.

నిజమే. నేను తడవలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తడి బల్ల మీద ఆనించాను. "తడిసిన మనిషి దీని మీద పడుకుందే తల్లీ" అన్నాను.